రెండు నిమిషాల మేత ఎవరి పొట్టలోకి?

(ఇళ్ళల్లో అక్వేరియంలు పెంచుకునేవాళ్ళు భీమవరంలో ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాశాం.)

అందరికీ నమస్కారమండి. వెనకవాళ్ళకి వినబడుతోందా? ఆయ్, సరే.

మీరు కొనే మేత డబ్బా ఒకసారి వెనక్కి తిప్పి చదవండి. ఏ కంపెనీదైనా పర్లేదు. రెండు మూడు నిమిషాల్లో చేపలు తినేసేంత మేత మాత్రమే వెయ్యండి అని కాస్త అటూ ఇటూగా ప్రతి డబ్బా మీదా ఉంటుంది. మంచి మాటే. నీళ్ళు పాడవకుండా కాపాడే మాట. ఒకే జాతి చేపలున్న తొట్టెకి ఇంతకంటే చెప్పక్కర్లేదు కూడా. కానీ మన ఇళ్ళల్లో ఎవరికండీ ఒకే జాతి ఉన్నది? షాపుకెళ్తాం, పిల్లలు వేలు పెట్టి చూపించినవన్నీ ఒక్కో కవర్లో కట్టించుకుని వస్తాం. వాటిలో బాణంలా దూసుకెళ్ళేవి ఉంటాయి, తోక ఈడ్చుకుంటూ తిరిగేవి ఉంటాయి, పగలంతా రాళ్ళ కింద పడుకుని రాత్రి లేచేవి ఉంటాయి. మరి డబ్బా మీద రాసిన ఆ రెండు నిమిషాలు ఎవరివి? ముందు పరిగెత్తుకొచ్చినవాడివి. వాడు తినేశాక నీళ్ళు శుభ్రంగా కనిపిస్తాయి, మేత సరిపోయిందని మనం మూత వేసేస్తాం.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. అందరికన్నా జోరుగా తినే చేప నోటితో మేతని కొలవకూడదు. అందరికన్నా నెమ్మదిగా తినే చేప పొట్ట చూసి కొలవాలి. మిగతాదంతా అది ఎలా చెయ్యాలన్నదే.

ఇంకో ఊళ్ళో అయితే ఈ మాట నమ్మించడానికి నాకు అరగంట పట్టేది. ఇక్కడ ఆ బాధ లేదు. ఈ హాల్లో సగం మందికి చెరువులున్నాయి. మిగతా సగం మంది ఫీడనో, సీడనో, ఐసనో ఏదో ఒక రకంగా ఆ చెరువుల మీదే బతుకుతున్నారు. నేనూ చాలా ఏళ్ళు రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్‌గా తిరిగినవాణ్ణే. రొయ్య ఎలా తింటుందో మీకు నేను చెప్పాలా? గుళికని మింగదు. ముందు కాళ్ళతో పట్టుకుని, తిప్పుకుంటూ, అంచులు కొరుక్కుంటూ కూర్చుంటుంది. అంతకంటే నెమ్మదిగా తినే జీవి మన చెరువుల్లో ఇంకోటి లేదు. అంచేతే రొయ్య మేతని నీళ్ళల్లో పడగానే కరిగిపోకుండా గంటలకొద్దీ నిలబడేలా తయారుచేస్తారు. టైగర్ రొయ్య రోజుల నుంచీ, 2009లో వెనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక మరీనూ, మనందరం చెక్ ట్రే పట్టుకునే సాగు చేశాం. మేత చల్లుతాం, ట్రేలో కొంచెం వేస్తాం, గంటన్నరో రెండు గంటలో ఆగి పైకి తీసి చూస్తాం. మిగిలిందా, తగ్గిస్తాం. ఖాళీ అయిందా, రొయ్యని చేతిలోకి తీసుకుని ఎండకి పెట్టి పేగు చూస్తాం. పేగు నిండుగా నల్లగా గీతలా ఉంటే సరే. తెగి తెగి ఉంటే ఆలోచిస్తాం.

అదే మనిషి సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, హాల్లో తొట్టె మూత తీసి, చిటికెడు మేత ఒకే మూల పడేసి టీవీ ముందు కూర్చుంటాడు. గట్టు మీద పేగు చూసినవాడు ఇంట్లో పొట్ట చూడడు. మూడు లక్షల రొయ్యలకిచ్చిన విలువ మూడు చేపలకి లేకపోయింది. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ నిజమే కదండీ!

ఇప్పుడు తొట్టె దగ్గరికి రండి. మా ఇంట్లో నాలుగడుగుల తొట్టె ఒకటుంది. పైన జీబ్రా డానియోలు, మధ్యలో పెర్ల్ గౌరామీల జత, అడుగున కోరిడోరాసులు. డానియో మన దేశపు చేపే. పారే వాగుల్లో, వరి మళ్ళ పక్క నీళ్ళల్లో పుట్టిన జాతి. దానికి తెలిసిన బతుకు ఒకటే, పైన పడిన పురుగుని పక్కవాడికంటే ముందు అందుకోవడం. గౌరామి థాయిలాండ్, మలేషియా, ఇండోనేషియాల వైపు చిత్తడి నేలల చేప. కదలని నీళ్ళు, గుబురు మొక్కలు. మన కొర్రమీనులా పైకొచ్చి గాలి పీల్చుకోగలదు. దానికి తొందరన్నది ఎప్పుడూ అవసరం పడలేదు.

మేత వేశాను. గుళికలు నీటి మీద పడీ పడకముందే డానియోలు కింద నుంచి వచ్చి చిట్లిస్తున్నట్టు లాగేస్తున్నాయి. గౌరామి మొక్క చాటు నుంచి బయటికొచ్చింది. దానికి పొట్ట కింద దారాల్లాంటి రెండు రెక్కలుంటాయి. ముందు వాటిని చాపి గుళికని తడిమింది, ఆ పక్క ఒకసారి, ఈ పక్క ఒకసారి. ఆగింది. ఒంటిని కాస్త వంచి, కన్ను తిప్పి చూసింది. అప్పుడు లోపలికి లాక్కుంది. నమిలినట్టు చేసి ఊసేసింది, గట్టిగా ఉన్నట్టుంది. రెండోసారి అందుకుందామని ముందుకొచ్చేలోపు ఒక డానియో అడ్డంగా వచ్చి ఆ గుళిక ఎత్తుకుపోయింది. గౌరామి మాత్రం అక్కడే, గుళిక ఉన్న చోటునే చూస్తూ నిలబడింది. పెళ్ళి బంతిలో ఒక పెద్దాయన ఇంకా పప్పులోనే ఉంటే, పెరుగన్నం అయిపోయినవాళ్ళు కూడా చెయ్యి కడుక్కోకుండా కూర్చుంటారు. చేపలకి ఆ మర్యాద లేదండి. పైగా ఆయన విస్తట్లోది కూడా తీసుకుపోతాయి.

అలాంటప్పుడు మనలో చాలామంది చేసే పని ఇంకో చిటికెడు వెయ్యడం. పాపం దానికి అందలేదు కదా అని. అది మంచి మనసే గానీ మేత ఎటు పోతుందో చూడండి. రెండో చిటికెడు కూడా డానియోలకే. డానియో, బార్బ్, గోల్డ్ ఫిష్, కోయి, మన శీలావతి, బొచ్చె, ఇవన్నీ దగ్గరి చుట్టాలే. వీటికి మనకున్నట్టు తిన్నది నిలవ ఉంచుకునే జీర్ణాశయం ఉండదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. అంచేత ఆగకుండా తింటూనే ఉంటాయి, ఎక్కువైనది సరిగ్గా అరక్కుండానే వెనక నుంచి బయటికి పోతుంది. అదీ, అడుగుకి చేరి కుళ్ళిన మేతా కలిసి అమ్మోనియా అవుతుంది. అమ్మోనియా గురించి ఈ ఊళ్ళో పాఠం చెప్పను. పీహెచ్, అంటే నీళ్ళల్లో క్షారం, పెరిగినకొద్దీ, నీళ్ళు వేడెక్కినకొద్దీ అది విషం అవుతుందని మీకు నాకంటే బాగా తెలుసు. ఎండాకాలం కాలవలు కట్టేశాక చాలా ఇళ్ళల్లో తొట్టెలోకి పోసేది బోరు నీళ్ళే. మన వైపు చాలాచోట్ల ఆ నీళ్ళు ఉప్పగా, పీహెచ్ ఎక్కువగా ఉంటాయి. అలాంటి నీళ్ళల్లో రెండో చిటికెడు మేత గౌరామికి తిండి కాలేదు సరికదా, మొత్తం తొట్టెకి జబ్బయింది.

ఎక్కువ వెయ్యడం దారి కాదు. దారి వేరే ఉంది, అదీ మన దగ్గరే ఉంది.

కొల్లేరు చుట్టుపక్కల శీలావతి చెరువులు చూశారు కదా. తవుడూ, నూనె తీసిన చెక్కా సంచుల్లో నింపి, కన్నాలు పొడిచి, కర్రలకీ తాళ్ళకీ వరసగా కడతారు. చేప వచ్చి కన్నం దగ్గర నోరు పెట్టి లాక్కుంటుంది. చెరువు మొత్తానికి ఒకే సంచి కట్టే రైతుని ఎక్కడైనా చూశారా? చూడరు. ఒకే సంచి కడితే బలమైన చేపలు దాని చుట్టూ మూగుతాయి, చిన్నవి బయటే ఉండిపోతాయి, పట్టుబడి నాడు సైజులు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తాయి. చోట్లు ఎక్కువైతే ఎవడూ అన్నిటినీ కాపలా కాయలేడు. ఇది చేపలకే కాదు, జంతువులన్నిటి దగ్గరా ఉన్న సూత్రమే. కుప్పగా ఒక చోట పడిన తిండిని బలవంతుడు ఆక్రమిస్తాడు. పలచగా విశాలంగా పరుచుకున్న తిండి అందరికీ అందుతుంది. మీరు వేసే చిటికెడుని కుప్ప పోస్తున్నారా, పరుస్తున్నారా? ముందు అది చూసుకోండి.

మా ఇంట్లో నేను చేసేది ఇదీ. ముందు ఫిల్టరు ఆపుతాను. నీటి పరుగులో మేత కొట్టుకుపోతుంటే నెమ్మదైన చేప దాని వెంట పడలేదు. పది పదిహేను నిమిషాలు ఆపితే ఏమీ కాదు. మళ్ళీ వెయ్యడం మర్చిపోతే మాత్రం కష్టం, ఫోన్లో అలారం పెట్టుకోండి. తర్వాత ఎడమ చివర తేలే మేత వేస్తాను. డానియోలన్నీ అటు పోతాయి. అవి అక్కడ గందరగోళంలో ఉండగానే కుడి చివర, మొక్కల వైపు, మునిగే చిన్న గుళికలు వేస్తాను. వాటిని ఒక గిన్నెలో తొట్టె నీళ్ళతోనే అర నిమిషం నానబెట్టి ఉంచుతాను. నానితే మెత్తబడతాయి, గౌరామి ఊసెయ్యదు. నెమ్మదిగా దిగుతుంటే మధ్యలోనే అందుకుంటుంది. గుళిక సైజు చేప కంటికంటే పెద్దది కాకూడదని పాతవాళ్ళు చెప్తారు, అది మంచి కొలత. రోజూ ఒకే వేళకి, ఒకే వరసలో చెయ్యండి. చేపకి బుద్ధి తక్కువ అనుకుంటాం గానీ కొన్నాళ్ళకే గౌరామి మీరు మూత తీసే శబ్దానికి కుడి వైపు వెళ్ళి నిలబడుతుంది. డానియోలు కూడా నేర్చుకుంటాయి, అది వేరే సంగతి. నేర్చుకుని రెండు వైపులా పరిగెడితే, మూడో చోటు పెట్టండి.

ఇక గోల్డ్ ఫిష్. ఈ ఊళ్ళో అందరి కష్టమూ ఇక్కడే ఉంది కాబట్టి కాసేపు ఆగుతాను.

గోల్డ్ ఫిష్ అని మనం ఒకే పేరు పెట్టి పిలుస్తాం గానీ, చైనావాళ్ళు మొదలుపెడితే వందల ఏళ్ళుగా ఎంచి ఎంచి పెంచిన రకాలు అవి. కామెట్ ఉంది, సన్నగా పొడుగ్గా, అచ్చం చిన్న కార్ప్ చేపలా ఈదుతుంది. ఒరాండా ఉంది, గుండ్రటి ఒళ్ళు, రెండు తోకలు, నెత్తి మీద కండ. బ్లాక్ మూర్ ఉంది, కళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, ఎదురుగా ఉన్నది సరిగ్గా కనపడదు. బబుల్ ఐ అయితే కంటి కింద నీటి తిత్తులు ఊగుతుంటాయి, కన్ను ఆకాశం వైపే. వీటన్నిటినీ ఒకే తొట్టెలో వేసి, గోల్డ్ ఫిషేగా అంటారు. కామెట్ మేత దగ్గరికి చేరి, తిని, తిరిగి వచ్చేసరికి ఒరాండా ఇంకా ఒళ్ళు తిప్పుకుంటూ ఉంటుంది. బబుల్ ఐ వాసన పట్టుకుని వెతుకుతూ ఉంటుంది. ఇదేదో పద్ధతితో సరిదిద్దేది కాదండి. నేను గట్టిగా చెప్తాను, కొంతమందికి నచ్చకపోయినా సరే. గుండ్రటి రకాలని పొడుగు రకాలతో కలపకండి. కోయితో అసలే వద్దు. ఎన్ని మూలల్లో మేత వేసినా ఆ పందెం సమానం కాదు. కళ్ళు సరిగ్గా లేనివాటిని వాటిలో వాటినే ఉంచండి. వాటికి మునిగే మేత, అడుగున ఒకే తెల్లటి గాజు సాసరులో వెయ్యండి. నాలుగు రోజులకి సాసరు చోటు వాసనతోనే పట్టేస్తాయి. తేలే మేత కోసం పైన నోరు తెరుచుకుని తిరిగే అవస్థ తప్పుతుంది.

సాసరు మాట వచ్చింది కాబట్టి చెక్ ట్రే సంగతి చెప్పేస్తాను. ఆ సాసరే మీ చెక్ ట్రే. అడుగున తినే చేపలున్న ప్రతి తొట్టెలోనూ ఒకటి పెట్టండి. లైటు ఆపాక మునిగే బిళ్ళ ఒకటి అందులో వేసి, గంట తర్వాత చూడండి. మిగిలితే చిన్న గొట్టంతో లాగేసి రేపు సగం వెయ్యండి. ఖాళీ అయితే ఎవరు ఖాళీ చేశారో చూడాలి. అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. సాసరు ఖాళీ అయింది అంటే కోరిడోరాస్ తిన్నట్టు కాదు. పొట్ట చూడండి. కోరిడోరాస్ ముందు గాజు దగ్గర ఆనినప్పుడు కింద నుంచి చూస్తే పొట్ట గుండ్రంగా ఉబ్బి ఉండాలి. లోపలికి పోయి ఉంటే దానికి అందట్లేదు. గౌరామికైతే తల వెనక, పొట్ట మొదలయ్యే చోట నొక్కు పడుతుంది. డిస్కస్ చేపకైతే నుదురు సన్నబడి, పై నుంచి చూస్తే వెన్ను కత్తి అంచులా కనిపిస్తుంది. అంతవరకూ రానివ్వకండి, ఆ దశ నుంచి వెనక్కి తేవడం కష్టం.

కోరిడోరాసులు మిగిలిన మేత తినే పనివాళ్ళని షాపుల్లో చెప్పి అమ్ముతారు. చెత్త ఊడ్చేవాటికి జీతం ఇవ్వక్కర్లేదన్నట్టు. పై చేపలు జోరుగా తినే తొట్టెలో కిందికి మిగిలేది ఏముంటుందండీ? వాటికి వేరే మేత, వేరే వేళలో. సక్కర్ చేపదీ అదే కథ. పాచి తింటుందని తెస్తారు. తొట్టెలో ఉన్న పాచి కొన్నాళ్ళలో అయిపోతుంది. అప్పుడు బీరకాయ ముక్కో సొరకాయ ముక్కో కాస్త ఉడికించి వెయ్యాలి. సక్కర్ అడుగు పొడవు దాటి పెరుగుతుంది, రాత్రి పూట మిగతావాటికి వేసిన బిళ్ళ మీద ఎక్కి కూర్చుంటుంది. పెరిగిపోయిందని కాలవలో వదలకండి, దయచేసి. మన చెరువుల్లో, కాలవల్లో దెయ్యం చేప అని రైతులు తిట్టుకుంటున్నది అదే జాతి. వలలు చింపుతోంది, గట్లలో బొరియలు చేస్తోంది. అదంతా అక్వేరియంల దారిలో వచ్చిందే.

రాత్రి తినేవాటిలో నాకు ఇష్టమైనది బొమ్మిడాయి. పులుసు తప్ప ఇంకో చూపుతో దాన్ని చూడని ప్రాంతంలో ఈ మాట అంటున్నందుకు ఏమనుకోకండి. షాపుల్లో పీకాక్ ఈల్ అని అమ్మేది దాని దాయాదే. పగలు ఇసకలో దూరి, ముక్కు ఒక్కటే బయట పెట్టుకుంటుంది. ఆ ముక్కు దగ్గరగా చూశారా? చివర మెత్తటి కొన, దానికి అటూ ఇటూ గొట్టాల్లాంటి రెండు నాసికలు. మేత వాసన నీళ్ళల్లోకి రాగానే ఆ కొన కదులుతుంది, ఒక పక్కకి, ఇంకో పక్కకి, గాలి ఎటు నుంచి వస్తుందో చూస్తున్నట్టు. తల బయటికి రావడానికి ఇంకొంత సేపు. ఈ లోపు పైనున్నవి మొత్తం లాగించేస్తాయి. దీనికి పొడి మేత పనికిరాదు, పురుగులు కావాలి. అరంగుళం ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి, నీటి పై నుంచి ఇసక దాకా వచ్చేది, నిలువుగా పెట్టండి. లైటు ఆపేసి ఒక అరగంట ఆగండి. ఫ్రోజెన్ బ్లడ్‌వర్మ్ ముక్క ఒక కప్పు తొట్టె నీళ్ళల్లో కరిగించి, సిరంజితో పైపులోంచి వదలండి. పురుగులు నేరుగా దాని ముక్కు దగ్గర దిగుతాయి. కూలీ లోచ్‌లని పాముల్లా సన్నగా ఉండే చేపలుంటాయి, వాటికి కూడా ఇదే. లేదా చిన్న పూలకుండీ బోర్లించి, అంచున వాటికి పట్టేంత గంటు పెట్టి, లోపల మేత వెయ్యండి. పెద్ద చేప తల దూర్చలేదు.

డిస్కస్ పెంచేవాళ్ళు ఇక్కడ కొంతమందే ఉన్నట్టున్నారు, అంచేత కొద్దిగా చెప్తాను. అది అడుగు మీదకి నీళ్ళు ఊది, ఇసక లేపి, కింద ఏముందో చూసుకుని తినే చేప. దానికి వ్యవధి కావాలి. ఏంజెల్ చేపతో కలిపితే ఏంజెలే గెలుస్తుంది. ఇరవై ఎనిమిది, ముప్ఫై డిగ్రీల వెచ్చదనం ఉండాలి. ధనుర్మాసంలో రాత్రిళ్ళు నీళ్ళు చల్లబడితే మేత మానేస్తుంది. అప్పుడు మేత మార్చకండి, హీటరు చూడండి.

అన్నిటికన్నా న్యాయంగా పంచుకునే మేత ఏదంటే నేను ఆర్టీమియా అంటాను, ఉప్పు నీళ్ళల్లో బతికే రొయ్యలాంటి చిన్న జీవి. కాకినాడ అవతల ఉప్పాడ తీరం హేచరీల్లో రొయ్య పిల్లలకి పెట్టేది. లీటరు నీళ్ళకి పాతిక ముప్ఫై గ్రాముల రాళ్ళుప్పు, ఒక ప్లాస్టిక్ సీసా, ఎయిర్ పంపు గొట్టం, పక్కన వెలుగు. గుడ్లు చెంచా కొసకి వచ్చినంత చాలు. ఇరవై ఎనిమిది డిగ్రీల దగ్గర రోజు తిరిగేసరికి నారింజ రంగు చుక్కల్లా పిల్లలు లేస్తాయి. గాలి ఆపితే పెంకులు పైకి తేలతాయి. పిల్లలు వెలుగు వైపు చేరతాయి, వాటిని అక్కణ్ణుంచి తీసి మంచినీళ్ళతో కడిగి వెయ్యండి. మంచినీళ్ళల్లో కూడా కొన్ని గంటలు బతికే ఉంటాయి. అదీ కిటుకు. వేలకొద్దీ చుక్కలు తొట్టె అంతా పరుచుకుంటే డానియో ఎన్నని పట్టుకుంటుంది? దాని ఆత్రం తీరాక కూడా గౌరామికి బోలెడన్ని మిగులుతాయి, అవి కదులుతుంటాయి కాబట్టి కుళ్ళవు కూడా. ఊరి చెరువుల్లో పట్టిన పురుగులు, మురుగు కాలవ ట్యూబిఫెక్స్ పురుగులు మాత్రం వద్దు. వాటితో పాటు జబ్బులు వస్తాయి. నీళ్ళ తొట్టెల్లో దోమ పిల్లల్ని పెంచడం అంతకన్నా వద్దు, ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం కూడా చూసుకోవాలి కదా.

ఒక తేడా చెప్పి ప్రశ్నలకి వస్తాను. నెమ్మదిగా తినేదీ, జబ్బుతో తిననిదీ ఒకటి కాదు. నెమ్మదైన చేప మేతని చూస్తుంది. వెళ్ళలేకపోయినా కన్ను అటే ఉంటుంది, రెక్కలు కదులుతాయి. జబ్బు చేసినది చూడనే చూడదు. మూలన తల కిందికో పైకో పెట్టి నిలబడుతుంది, మలం తెల్లగా దారంలా వేలాడుతుంది. నిన్నటిదాకా పరిగెత్తుకొచ్చి తిన్న చేప ఇవాళ ఆగిపోతే మేత పద్ధతి మార్చడం కాదు, దాన్ని వేరే తొట్టెలోకి తీసి నీళ్ళు పరీక్షించండి. కొత్తగా తెచ్చిన చేప రెండు మూడు రోజులు తినకపోతే మాత్రం కంగారు పడకండి. లైటు తగ్గించి, దాక్కునే చోటు ఇచ్చి, ఊరుకోండి.

అడగండి.

అంతర్వేది నుంచి వచ్చిన బాబు అడుగుతున్నాడు, వలల్లో సముద్ర గుర్రాలు పడుతున్నాయి, ఉప్పు నీళ్ళ తొట్టెలో పెంచొచ్చా అని. వద్దు బాబూ. 2001లోనే వాటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు. పట్టడం, ఉంచుకోవడం, అమ్మడం అన్నీ నేరమే. బతికి ఉంటే సముద్రంలోనే వదిలెయ్యి. చట్టం సంగతి పక్కన పెట్టినా, నెమ్మదిగా తినడంలో దాన్ని మించింది లేదు. జీర్ణాశయం లేదు, దంతాలు లేవు, గొట్టం లాంటి నోటితో ఒక్కో చిన్న జీవినీ పీల్చుకుంటుంది. రోజంతా తినాలి. మన ఇళ్ళల్లో అది అయ్యే పని కాదు.

అక్కడ అమ్మ గారు చెయ్యెత్తారు. ఆయ్, చెప్పండమ్మా. బెట్టా చేప టైగర్ బార్బ్‌లతో ఉంది, మేత తినట్లేదు అంటున్నారు. తినట్లేదు కాదమ్మా, తిననివ్వట్లేదు. టైగర్ బార్బ్‌లు పొడుగు రెక్కలు కనపడితే కొరుకుతాయి. మేత వేళ ఇంకా ఎక్కువ. బెట్టాని ఇవాళే వేరే చేయండి. చిన్న తొట్టె చాలు దానికి, మూత మాత్రం ఉండాలి.

చివరి ప్రశ్న సంక్రాంతి గురించా? బాగుంది. పండగకి వారం రోజులు అత్తారింటికి వెళ్తాం, ఆటోమేటిక్ ఫీడర్ పెట్టొచ్చా అని. మీరే ఆలోచించండి, అది మేతని ఎక్కడ వేస్తుంది? రోజూ ఒకే చోట, నీటి మీద, ఒకేసారి. అంటే డానియోలకి. మీరు లేని వారం రోజులూ నెమ్మదైనవాటికి ఉపవాసమే. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు మూడు నాలుగు రోజులు మేత లేకుండా ఉంటాయి, ఏమీ కాదు. పిల్ల చేపలుంటే వేరు. వారం అంటే తెలిసినవాళ్ళని రెండు సార్లు రమ్మనండి. చిన్న చిన్న కాగితం పొట్లాలు కట్టి, ఒక్కో దాని మీద కుడి, ఎడమ అని రాసి ఇవ్వండి. కుడి పొట్లంలో మునిగేది, ఎడమ పొట్లంలో తేలేది. ముందు ఎడమ అని ఫోన్లో కూడా చెప్పండి. బిళ్ళలు రాత్రి పూట వెయ్యమనండి, వీలు కాకపోతే మానెయ్యమనండి. డబ్బా మాత్రం వాళ్ళకి ఇవ్వకండి. ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలకీ ఇవ్వకండి. బీరువాలో పెట్టి తాళం వేసుకుని వెళ్ళండి.